పులియబెట్టనిది అంబలి కాదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి పానీయాల గురించి మీరు వేసిన పేజీలో రాగి అంబలికి నాలుగు వాక్యాలు ఇచ్చారు. మరిగే నీళ్ళలో రెండు చెంచాల పిండి వేసి, అయిదు నిమిషాలు ఉడికించి, గోరువెచ్చగా అయ్యాక మజ్జిగ కలిపి, ఫ్లాస్కులో పోసుకుని రోజంతా తాగమన్నారు. మీరు చెప్పింది జావ. జావ మంచిదే, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ జావను కాచిన రెండు గంటల్లో తాగెయ్యాలి. అంబలి వేరు. పిండిని పూటంతా పులియబెట్టి, నూకలతో కాచి, రాత్రంతా కుండలో ఉంచి, పొద్దున మజ్జిగతో కలుపుకునేది అంబలి. ఈ తేడా రుచి వరకే అయితే ఎవరిష్టం వారిదని ఊరుకునేవాళ్ళం. ఏప్రిల్ వచ్చేసరికి ప్రతి కూడలిలో చలివేంద్రం వెలుస్తుంది. పుణ్యానికి పోసేవాళ్ళు పొద్దున ఆరింటికి జావ కాచి, డ్రమ్ములో నింపి, దాన్నే అంబలి అనుకుని మధ్యాహ్నం రెండు దాకా పోస్తున్నారు. కడుపు చెడేది అక్కడ. అందుకని, కాస్త పొడుగైనా, కొలతలతో సహా రాస్తున్నాం. చోటు చాలకపోతే మిగతాది తగ్గించండి గాని, జావ నిలవ ఉండదన్న సవరణ మాత్రం వేయండి.

ముందు కారణం చెప్పాలి. ఉడికిన అన్నంలో, గంజిలో, జావలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మిగిలిపోతాయి. మరిగించినా అవి చావవు. జావ గోరువెచ్చబడ్డాక అవి మేలుకుని గంటల్లో పెరిగి విషం వదులుతాయి. వాంతులు పుట్టించే ఆ విషం మళ్ళీ మరిగించినా పోదు. వేడిని పట్టి ఉంచే ఫ్లాస్కు, మూత బిగించిన స్టీలు డ్రమ్ము ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. మండు వేసవిలో డ్రమ్ము నడిమధ్య ఉన్న జావ చల్లారడానికి సగం రోజు పడుతుంది. పులియబెట్టిన పిండిలో అయితే లాక్టిక్ ఆమ్లం చేరి ఉంటుంది. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ నాలుగున్నర కంటే దిగితే ఇలాంటివి పెరగడం దాదాపు ఆగిపోతుంది. ఉడికిస్తే పులియబెట్టిన సూక్ష్మజీవులు చస్తాయి గాని, అవి చేసిన పులుపు చావదు. అంబలిని కాపాడేది ఆ పులుపే. మందుల దుకాణాల్లో, ప్రయోగశాల సామాన్ల కొట్లలో పీహెచ్ కాగితాలు దొరుకుతాయి. కుండ బయటపెట్టే ముందు ఒక ముక్క ముంచి చూసుకుంటే అనుమానం ఉండదు.

ఇక పిండి సంగతి. ఉత్తరాంధ్రలో చోళ్ళు, తెలంగాణలో తైదలు, మిగతాచోట్ల రాగులు అంటాం. గింజ సన్నది కాబట్టి అదే సైజు ఇసక రేణువులు, మట్టి బెడ్డలు అందులో ఉండిపోతాయి. చేటలో చెరిగితే పొట్టు పోతుంది గాని ఇసక పోదు. నీళ్ళలో వేసి గాలించాలి. మూడు నాలుగు నీళ్ళు మార్చి, పై నీటితో పాటు గింజను వేరే గిన్నెలోకి వంచుతూ పోతే ఇసక అడుగున మిగులుతుంది. తర్వాత నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టాలి. పంటి కింద వేసి కొరికితే టక్కున విరగాలి. తడి ఉండగా మరకు తీసుకెళ్తే పిండి ముద్దకట్టి, నాలుగు రోజుల్లో ముక్కవాసన వస్తుంది.

మరాడించేటప్పుడు చూసుకోవలసింది మీ ముందు మరలో ఏం పడిందన్నదే. కారం, పసుపు పట్టిన వెంటనే మీ రాగులు పోయిస్తే పిండంతా ఘాటెక్కుతుంది. బియ్యం పట్టాక పోయించండి. లేదంటే గుప్పెడు బియ్యమో నూకలో ముందు పోయించి ఆ పిండి పక్కన పెట్టేయండి. జల్లెడ పట్టకండి. రాగిలో కాల్షియం ఎక్కువగా ఉండేది పై పొరలో. తెల్లగా మెత్తగా కనిపించాలని జల్లించి తవుడు పారేస్తే మంచి భాగం దానితో పోయినట్టే. గింజగా రాగులు ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా ఉంటాయి, పిండి అలా ఉండదు. వేసవిలో నెల లోపు వాడెయ్యాలి. గంటెల (సజ్జల) పిండి ఇంకా తొందరగా చేదెక్కుతుంది, అది వారం లోపే. అంచేత నెలకు సరిపడా పట్టించుకుని మిగతాది గింజగానే ఉంచుకోవడం మేలు.

పదిహేను గ్లాసుల అంబలికి, గ్లాసు 200 మిల్లీలీటర్లు అనుకుంటే, 200 గ్రాముల పిండి, 100 గ్రాముల బియ్యపు నూకలు, 300 గ్రాముల పెరుగు, మూడు చదును చెంచాల ఉప్పు కావాలి. పొద్దున్నే పిండిని మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో వేసి, ముందు గ్లాసుడు నీళ్ళు పోసి చేత్తో ముద్దలా కలపాలి. ముద్దలో ఉండ లేదని వేళ్ళకు తెలిశాక మిగతా రెండు గ్లాసులు పోసి పలచన చేయాలి. మొత్తం నీళ్ళు 600 మిల్లీలీటర్లు. మొదటిసారి చేసేవాళ్ళు ఇందులో గరిటెడు తరవాణి (పులిసిన అన్నపు నీళ్ళు) గాని, రెండు చెంచాల పుల్లమజ్జిగ గాని కలిపితే పులుపు దారి తప్పకుండా వస్తుంది. తర్వాత నుంచి పులిసిన పిండినీళ్ళు ప్రతిసారీ ఒక గరిటెడు పక్కన దాచుకుని మర్నాటి పిండిలో కలిపితే చాలు. అలా తోడు వేస్తూ పోయిన పిండి మూడో నాలుగో రోజుకు రుచి కుదురుకుంటుంది. నాలుగు రోజులు అంబలి చేయనప్పుడు తోడు ఫ్రిజ్‌లో పెట్టండి.

పలచటి గుడ్డ కట్టి నీడలో ఉంచితే కోస్తా వేసవిలో పది గంటలు చాలు. పొద్దున ఆరుకు నానేస్తే సాయంత్రం నాలుగైదుకు సిద్ధం. సంక్రాంతి చలిలో పద్దెనిమిది గంటలైనా పడుతుంది, అరకు వైపు ఇంకా ఎక్కువ. గడియారం కంటే కుండను నమ్మండి. పైన నీళ్ళు తేరుకుని పిండి అడుగున కూర్చుంటుంది. గరిటె పెట్టి కదిపితే అంచుల్లో సన్నటి బుడగలు లేస్తాయి. వాసన పుల్లమజ్జిగను పోలి ఉంటుంది. ఇది కుదిరిన పిండి. బుడగలున్నా పుల్లవాసన లేకపోతే ఇంకో రెండు గంటలు ఆగండి. మరీ పులిసిపోతే పైన తేరిన నీళ్ళు వంచేసి అంతే కొలత మంచినీళ్ళు పోయండి, సరిపోతుంది. గులాబీరంగు మరక, నల్లచుక్కలు, పచ్చని బూజు, గరిటె ఎత్తితే తీగలు సాగడం, కుళ్ళు వాసన, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మొత్తం పారబోయాలి. పైన తీసేసి కిందది వాడుకోవచ్చని చూడకండి. కుండలో పాత సబ్బు వాసన ఉన్నా, కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఘాటుగా ఉన్నా పిండి పులవకుండా పాడవుతుంది. నీళ్ళు ముందు రాత్రి పట్టి మూత తీసి ఉంచితే క్లోరిన్ చాలావరకు తగ్గుతుంది.

పులిసిన పిండిని సత్తుగిన్నెలో ఉంచడం గాని కాయడం గాని చేయకూడదు. పెళ్ళివంటల గిన్నెలు అద్దెకు తెచ్చే చలివేంద్రాలవాళ్ళు ఇక్కడే పొరపాటు పడుతున్నారు. పులుపు అల్యూమినియాన్ని తింటుంది, అంబలి నల్లబడి లోహపు రుచి వస్తుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు ఇంకా ప్రమాదం. మందపాటి అడుగున్న స్టీలు గిన్నె తీసుకోండి.

కాయడానికి లీటరుంబావు కంటే కొంచెం తక్కువ, అంటే 1,200 మిల్లీలీటర్ల నీళ్ళు మరగబెట్టి, కడిగిన నూకలు వేయాలి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాల్లో నూక వేళ్ళ మధ్య చితుకుతుంది. అంతవరకు పిండి జోలికి పోవద్దు. పిండి పడ్డాక నూక ఇక ఉడకదు, అంబలి తాగుతుంటే పలుకుపలుకుగా పంటికి తగులుతుంది. నూక ఉడికాక మంట తగ్గించి, పిండినీళ్ళను అడుగునుంచి బాగా కలిపి, ఒక చేత్తో సన్నధారగా పోస్తూ రెండో చేత్తో తెడ్డు తిప్పాలి. ఇద్దరుంటే ఒకరు పోసి ఒకరు తిప్పడం సుఖం. మొదటి అయిదు నిమిషాలు కళ్ళు పక్కకు తిప్పకూడదు. అంతవరకు పలచగా ఉన్నది ఒక్కసారిగా చిక్కబడి అడుగున పట్టుకుంటుంది. చిక్కబడ్డాక బుడబుడమని పైకి చిందుతుంది. ఆ చుక్క పడితే చర్మానికి అంటుకుని కాలుస్తుంది కాబట్టి పొడుగు కామ తెడ్డే వాడాలి.

ఆ తర్వాత సన్నమంట మీద ఇంకో పదిహేను నిమిషాలు. మీ పేజీలో చెప్పిన అయిదు నిమిషాలకు రాగిపిండి పైకి చిక్కగా కనబడుతుంది గాని లోపల పచ్చిగానే ఉంటుంది. తాగితే కడుపు ఉబ్బరిస్తుంది. ఉడుకుతున్నకొద్దీ బూడిదరంగు కలిసిన లేతఎరుపు పోయి ముదురు గోధుమరంగు వస్తుంది, పైన నిగనిగ తేలుతుంది, పచ్చివాసన పోతుంది. చెంచాడు తీసి చల్లటి నీళ్ళ గ్లాసులో వేయండి. ముద్దగా కిందికి దిగితే ఉడికింది. నీళ్ళు కలకబారితే ఇంకా ఉడకాలి.

ఉండలు కట్టడం గురించి ఎక్కువమంది అడుగుతారు. పొడిపిండిని మరిగే నీళ్ళలో చల్లితే పైన ఉన్న పిండి వెంటనే ఉడికి పొరకడుతుంది, లోపలికి నీరు వెళ్ళదు. అందుకని ఉండలో నడిమధ్య పొడిపిండి అలాగే ఉంటుంది. తర్వాత తెడ్డుతో ఎంత చితక్కొట్టినా లాభం లేదు, చిల్లుల గరిటెతో ఏరి పారెయ్యాలి. నానబెట్టిన పిండిలో ఈ బాధ రాదు. వచ్చిందంటే నీళ్ళు ఒకేసారి గుమ్మరించారన్న మాట. అడుగంటితే అడుగు గీకకుండా పైదాన్ని వేరే గిన్నెలోకి వంచుకోండి. గీకారంటే మాడువాసన మొత్తానికి పడుతుంది, ఎంత మజ్జిగ పోసినా పోదు.

నూకలు పొదుపు కోసం వేస్తారని కొందరి అభిప్రాయం. పొదుపు నిజమే, కానీ నూక లేని రాగి ముద్ద చల్లారాక గట్టిపడి జిగురుగా సాగుతుంది. నూక ఉంటే పొద్దున చేత్తో పిసకగానే విడిపోతుంది, గుటకకు కాస్త నమలడానికి దొరుకుతుంది. కొర్ర నూక, సామ నూక కూడా బాగుంటాయి. అవి అరగంట నానాలి, ఇంకో పది నిమిషాలు ఉడకాలి. జొన్న అంబలికి పిండి కంటే రవ్వ మేలు, అది అరగంట పైనే ఉడకాలి. మక్క (మొక్కజొన్న) గట్క గట్టిగా వండుకునేది, దాని కొలతలు వేరు.

కాచినది రాత్రికి చల్లారబెట్టడంలో తొందర అవసరం. ఇంటి కొలత అయితే గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి అప్పుడప్పుడు కలిపితే గంటలో చల్లారుతుంది. చలివేంద్రానికి ఇరవై కిలోలు కాచినప్పుడు ఒకే పాత్రలో వదలకండి. వెడల్పు పళ్ళాల్లో నాలుగు వేళ్ళ మందాన పోసి, రెండు గంటల్లో చెయ్యి పెడితే చల్లగా తగిలేలా చేసి, అప్పుడు కుండల్లోకి ఎత్తాలి.  పైన ఎండి పొర కట్టకుండా కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసుడు పోసి, మూత బదులు ఉతికిన గుడ్డ కట్టండి. వేడి మీద బిగువు మూత పెడితే ఆవిరి నీరు పైకే కారి బూజుకు చోటిస్తుంది.

పొద్దున ఆ ముద్దను శుభ్రమైన చేత్తో పిసికి, పెరుగులో 900 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి చిలికిన మజ్జిగ కలిపి, ఉప్పు వేస్తే మూడు లీటర్ల పైన అంబలి తయారవుతుంది. మజ్జిగ, ఉప్పు ముందురాత్రి వేయకూడదు. మజ్జిగ రాత్రంతా ఉంటే పులుపు మితిమీరి నాలుక గుంజుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిరప తరుగు కుండలో కలిపేస్తే రెండు గంటల్లో ఉల్లివాసన చెడుతుంది. అవి గ్లాసులోనే వేయాలి.

చలివేంద్రం కోసం ఈ కొలతలన్నిటినీ పదితో హెచ్చించుకోండి. రెండు కిలోల పిండి, కిలో నూకలు, మూడు కిలోల పెరుగు, 150 గ్రాముల ఉప్పు. 300 మిల్లీలీటర్ల గ్లాసుతో వందమందికి వస్తుంది. మజ్జిగ మాత్రం మొత్తానికి ఒకేసారి కలపవద్దు. గంటలో అయిపోయే మేరకు ఒక కుండ కలపండి, అది ఖాళీ అయ్యాక ఇంకోటి. గట్టి ముద్దగా ఉన్న అంబలి నీడలో మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. మజ్జిగ, నీళ్ళు పడ్డాక అంత నిలవదు. ఎందుకంటే కలిపే నీళ్ళు పులుపును పలచన చేస్తాయి, పైగా ఉడికించనివి అవే. అంబలి ఎంత శుభ్రంగా కాచినా ట్యాంకర్ నీళ్ళతో మజ్జిగ చిలికితే పడ్డ శ్రమంతా వృథా. ముందురాత్రే కాచి చల్లార్చుకున్న నీళ్ళు, లేదా నమ్మకమైన శుద్ధిజలం వాడాలి. చల్లదనం కోసం ఐసు గడ్డ వేయడం పూర్తిగా మానాలి. బళ్ళ మీద వచ్చే ఐసు చాలాచోట్ల చేపల పెట్టెలకు చేసేది, తాగే నీటితో చేసింది కాదు. తడిగుడ్డ చుట్టి ఇసకలో నిలిపిన మట్టికుండ చాలినంత చల్లదనం ఇస్తుంది.

గ్లాసులు ఇంకో బెడద. ఒకే బకెట్టు నీళ్ళలో ముంచి తీసి పదిమందికి అవే గ్లాసులు ఇస్తున్నారు. కుళాయి ఉన్నచోట పారే నీళ్ళలో కడగండి. లేనిచోట పొడుగు కామ గరిటెతో పైనుంచి పోస్తే, తాగేవాళ్ళు చెంబు పెదవికి ఆనించకుండా ఎత్తి పోసుకుంటారు. మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటే కాబట్టి ఎవరికీ కొత్త కాదు.

అంబలితో నంజుకునేవాటిని మీ పేజీ అసలు ముట్టుకోలేదు. అంబలి ఒక్కటే తాగితే సగమే తాగినట్టు. చిన్న ఎర్ర ఉల్లిపాయను కత్తితో కోయకుండా గట్టు మీద పెట్టి పిడికిలితో గుద్దాలి. పొరలు విడిపోయి రసం ఊరుతుంది, ఘాటు కొంత దిగుతుంది, ఒక్కో రేకు తీసి ఉప్పులో అద్దుకోవచ్చు. పచ్చిమిరపకాయ ఉప్పుకల్లుతో కొరుక్కుంటారు. మాఘం, ఫాల్గుణం దాటాక పచ్చి మామిడిముక్క వస్తుంది. ఇంట్లో ఊరమిరపకాయలుంటే వేరే ఏదీ అక్కర్లేదు. లావు మిరపకాయలకు నిలువునా గాటుపెట్టి, ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో రాత్రి నానబెట్టడం, పగలు తీసి ఎండబెట్టడం, మళ్ళీ రాత్రి అదే మజ్జిగలో వేయడం. మజ్జిగ పూర్తిగా ఇంకేదాకా ఇలా మూడు నాలుగు రోజులు చేసి, గలగలలాడేట్టు ఎండబెట్టి డబ్బాకెత్తుతారు. వేయించేటప్పుడు నూనె మరీ కాగితే లోపలి ఉప్పు మజ్జిగ మాడి చేదొస్తుంది. మధ్యస్థ మంట మీద ముదురు గోధుమరంగు రాగానే తీసెయ్యాలి.

భీమిలి, కళింగపట్నం వైపు తీరంలో ఎండు నెత్తళ్ళు నిప్పుల మీద కాల్చి, తల గిల్లి పారేసి, అంబలి గుటకకొకటి నంజుకుంటారు. ఎండు చేపలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఆ రోజు అంబలిలో ఉప్పు తగ్గించుకోవాలి. పాడేరు, అరకు కొండల్లో ఎండిన ఆనపకాయ బుర్రలో అంబలి పోసుకుని పొలానికి పట్టుకెళ్తారు. బుర్రలో అంబలి ఎండలో కూడా చల్లగా ఉంటుంది. బుర్రను వారానికోసారి వేడినీళ్ళు, ముతక ఇసక వేసి గిలకరించి కడిగి బోర్లించాలి. ఆ ప్రాంతాల్లోనే వానాకాలం కరువు రోజుల్లో మామిడి టెంక అంబలి కాచుకుంటారు. టెంకలోని వగరు పోయేదాకా పారే నీళ్ళలో నానబెట్టి తీరాలి, ఎండబెట్టిన పిండిలో తేమ చేరి బూజు పడితే ఆ అంబలి ప్రాణాల మీదికి తెస్తుంది. బూజు కనిపించిన టెంకపిండిని ఎంత లేమి ఉన్నా వాడకూడదు, ఆ రోజుల్లో బియ్యం అందేలా చూడవలసిన బాధ్యత అధికారులది.

ఇక బలం గురించి. రాగిలో కాల్షియం ఎక్కువన్న మాట నిజం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 10 కూడా ఉండవు. కానీ పై కొలతతో చేసిన గ్లాసు అంబలిలో పడే పిండి 13 గ్రాములే. దాని నుంచి వచ్చే కాల్షియం 50 మిల్లీగ్రాముల లోపు, పెరుగుది కలుపుకుంటే 75 దాకా. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 1,000 మిల్లీగ్రాములు. గ్లాసు అంబలితో ఎముకలు ఉక్కు అవుతాయని రాయడం సరికాదు. రోజూ రెండు మూడు గ్లాసులు తాగుతూ, పాలు, ఆకుకూరలు, నువ్వులు తింటే లెక్క కుదురుతుంది. ఇక్కడ కూడా పులియబెట్టడమే సాయపడుతుంది. రాగిలో ఉండే ఫైటేట్లు కాల్షియాన్ని, ఇనుమును పట్టి ఉంచుతాయి. పులిసేటప్పుడు అవి కొంత విరిగి ఒంటికి అందేది పెరుగుతుంది. పచ్చి మామిడిలోని విటమిన్ సి ఇనుమును ఒంటబట్టిస్తుంది. అంబలి తాగిన వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా అందదు, గంట ఆగడం మేలు. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వేగావతి రకంలో ఇనుము ఎక్కువని బయోఫోర్టిఫైడ్, అంటే పోషకాలు పెంచిన రకాల జాబితాలో చేర్చారు. అయితే పిండి పొట్లం మీద ఏ రకమో ఎవరూ రాయరు కాబట్టి కొనేవాళ్ళకు తెలిసే దారి లేదు. రకం పేరు ముద్రించమని మిల్లులవాళ్ళను అడగవచ్చు.

మధుమేహం ఉన్నవాళ్ళు ఎంతైనా తాగవచ్చన్న ప్రచారాన్ని మీలాంటి పత్రికలు ఆపాలి. పిండి మెత్తనయ్యేకొద్దీ, ఉడికి పలచనయ్యేకొద్దీ అందులోని పిండిపదార్థం తొందరగా చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. వాళ్ళు ఒక గ్లాసుతో ఆగి, ఆ మేరకు అన్నం తగ్గించుకోవాలి. రక్తపోటు ఉన్నవాళ్ళకు ఉప్పు లేని కుండ ఒకటి విడిగా పెడితే చలివేంద్రం ఇంకా నలుగురికి పనికొస్తుంది. ఏడాది నిండని పిల్లలకు అంబలి వద్దు, ఆరు నెలలు దాటినవాళ్ళకు మొలకకట్టిన రాగిపిండితో అప్పటికప్పుడు కాచిన జావ పట్టండి.

బడుల్లో ఇచ్చేది జావే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చి నుంచి, తెలంగాణలో అదే ఏడాది నుంచి పిల్లలకు బెల్లం వేసిన రాగి జావ పోయడం మొదలైంది. పొద్దున కాచి వేడివేడిగా అప్పుడే పోస్తే దానికి వంక లేదు. సెలవిచ్చారనో, పిల్లలు తక్కువ వచ్చారనో మిగిలినదాన్ని మధ్యాహ్నానికి ఉంచడమే కూడదు. బెల్లం, పాలు పడ్డ జావ మామూలు జావ కంటే తొందరగా చెడుతుంది.

ధర సంగతి కూడా చెప్పాలి. 2025–26కి రాగుల కనీస మద్దతు ధర క్వింటాకు 4,886 రూపాయలు, అంటే కిలో 49 రూపాయల లోపు. గ్లాసు అంబలిలో పడే రాగులకు రైతు చేతికొచ్చేది రూపాయి కూడా కాదు. అదే పిండికి చక్కెర, పాలపొడి, వాసన కలిపి, రంగు డబ్బాలో పోసి ఎన్నో రెట్లకు అమ్ముతున్నారు. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడా అన్న సామెత ఇలాంటప్పుడు గుర్తుకొస్తుంది. ఆ డబ్బాల్లో పులియబెట్టినవి అరుదు. లేబుల్ మీద మొదటి మూడు పేర్లు చదవండి. చక్కెర రాగి కంటే ముందుంటే అది రాగి పానీయం కింద లెక్క కాదు.

కుండల విషయం ఒకటి మిగిలింది. కొత్త కుండను రోజంతా నీళ్ళలో నానబెట్టి, తర్వాత గంజి పోసి ఒక రాత్రి ఉంచి పారబోసి వాడాలి. అప్పుడు మట్టివాసన పోతుంది, కారడం తగ్గుతుంది. రోజూ కడగడానికి వేడినీళ్ళు, కొబ్బరిపీచు చాలు. సబ్బు వేస్తే మట్టి దాన్ని పీల్చుకుని మర్నాడు అంబలిలో వదులుతుంది. కడిగాక ఎండలో బోర్లించాలి. సన్నటి పగులు కనిపించిన కుండను మానెయ్యాలి, పగుల్లో పాత పిండి చేరి కొత్త పిండిని చెడగొడుతుంది. చలివేంద్రం కట్టేసే వేళకు మజ్జిగ కలిపిన అంబలి మిగిలితే మర్నాటికి దాచకండి, తోడుకు కూడా తీయకండి. తోడు ఎప్పుడూ ఉడికించని పులిసిన పిండి నుంచే తీసుకోవాలి. మిగిలినది గేదెల కుడితిలో పోస్తే సరి.

ఇట్లు,
అంబలి కాచే వంటవాళ్ళం,
విజయనగరం